గాజు సీసా పాలు, చెక్క చెంచా ఐస్‌క్రీం: మద్రాసు పాల డిపోల చరిత్ర తెలిసినవారు చెప్పగలరా?

ప్రశ్న: పెరంబూరు మనుమరాలు

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు జిల్లా నుంచి వచ్చి మద్రాసులో స్థిరపడిన కుటుంబం. పెరంబూరులో రైలు పెట్టెల కర్మాగారం 1955లో మొదలైన కొన్నేళ్లకు మా తాతగారు అందులో వడ్రంగిగా చేరారు. అప్పటి నుంచి మూడు తరాలుగా మా కాపురం పెరంబూరు, అయనావరం వీధుల్లోనే సాగుతోంది. నాయనమ్మ పోయిన తరువాత ఆ ఇల్లు ఖాళీ చేస్తూ, గత నెలలో అటక మీది ట్రంకుపెట్టె దించి చూస్తే, పాత నేత చీరల మడతల మధ్య రెండు గాజు పాల సీసాలు, వాటితో పాటు అంచులు చిరిగి గళ్లలో అంకెలు వెలిసిపోయిన ఒక పాల కార్డు కనిపించాయి. సీసాలకు మూతలు లేవు. మూతి వెడల్పుగా, మెడ పొట్టిగా, గాజు మందంగా ఉంది. చేతిలోకి తీసుకుంటే ఖాళీ సీసా కూడా బరువుగానే అనిపిస్తుంది.

మా నాన్నగారికి ఆ సీసాలు బాగా గుర్తు. తెల్లవారకముందే నిద్ర లేపి తనను డిపోకు పంపేవారని, వెండి రంగు రేకు మూత తీయగానే దాని అడుగున అంటుకున్న మీగడ కోసం అన్నదమ్ములు పోట్లాడుకునేవారని చెబుతారు. నాకు ఊహ తెలిసేసరికి పాలు ప్లాస్టిక్ సంచుల్లోకి మారిపోయాయి కనుక ఆ మీగడ నాకు దక్కలేదు. నాకు గుర్తున్నది వేరొకటి. పరీక్షలయిపోయిన రోజు సాయంత్రం నాయనమ్మ నన్ను పాలకేంద్రానికి తీసుకువెళ్లి, కాగితం కప్పులో వెనిలా ఐస్‌క్రీం, దానితో పాటు డమరుకం ఆకారంలో ఉండే చెక్క చెంచా ఇప్పించేది. ఆ చెక్క రుచి, ఆ పాల రుచి కలిసి నాలుక మీద ఇప్పటికీ ఉన్నట్టే ఉంటుంది. పుల్ల ఐసు బండి వీధిలోకి రోజూ వచ్చినా నాయనమ్మ కొనిచ్చేది కాదు. "అది రంగు నీళ్లు, ఇది పాలు" అనేది.

నేను తెలుసుకోవాలనుకుంటున్నవి ఇవి. ఈ సీసాలు ఏ కాలానివి, ఎవరివి అయి ఉంటాయి? నగరంలో సీసాలు పోయి సంచులు ఎందుకు వచ్చాయి? ఆనాటి ఐస్‌క్రీం రుచి ఇప్పుడు కొన్నవాటిలో నాకు దొరకకపోవడానికి కారణం నా బాల్యమేనా, లేక పదార్థంలోనే నిజంగా తేడా వచ్చిందా? మా పిల్లల కోసం కుటుంబ చరిత్ర రాసి పెడుతున్నాను. అందులో తప్పు రాయకూడదని అడుగుతున్నాను.

సమాధానం 1: అయనావరం పాతకాపు

అమ్మా, మీ ప్రశ్న చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. నాకిప్పుడు 75 ఏళ్లు. మీ నాన్నగారు నిలబడిన వరుసలో నేనూ నిలబడి ఉంటాను.

సీసాల సంగతి చెప్పేముందు వాటికి ముందు ఏముండేదో చెప్పాలి, లేకపోతే ఆ సీసా విలువ పిల్లలకు అర్థం కాదు. నా చిన్నతనంలో మా వీధికి పాలవాడు పశువును తోలుకువచ్చి, గుమ్మం ముందు కట్టి, మా కళ్లెదుటే పితికేవాడు. పితికే ముందు చెంబును బోర్లించి, అందులో చుక్క నీరు లేదని చూపించాలి. అది తప్పనిసరి మర్యాద. దూడ చనిపోయిన ఆవయితే, గడ్డి కుక్కిన దూడ తోలును చంకన పెట్టుకు వచ్చి తల్లి ముందు నిలబెట్టేవాడు. అది చూసి మా అమ్మ ప్రతిరోజూ బాధపడేది, కానీ ఇంట్లో పసిపిల్లలున్నందున పాలు మానడానికి లేదు. చెంబు బోర్లించి చూపించినా, చివరకు ఇంట్లోకి వచ్చిన పాలు ఎంత చిక్కనివో కాచిన తరువాతే తెలిసేది.

మన అయనావరానికి ఈ చరిత్రలో ప్రత్యేకమైన చోటు ఉంది. మద్రాసు సహకార పాల సరఫరా సంఘం 1927లో ఏర్పడింది ఇక్కడే. చుట్టుపక్కల పల్లెల్లో పాడి ఉన్నవారి దగ్గర పాలు సేకరించి నగరానికి పంచడం ఆ సంఘం పని. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత, 1958లో, రాష్ట్ర ప్రభుత్వం పాల ఉత్పత్తినీ సరఫరానూ చూసుకోవడానికి ప్రత్యేకంగా పాడి పరిశ్రమాభివృద్ధి శాఖను పెట్టింది. ఆ వెనుక 1963లో మాధవరంలో కొలంబో ప్రణాళిక అనే అంతర్జాతీయ సహాయ పథకం కింద న్యూజీలాండ్ సహాయంతో పెద్ద పాల కర్మాగారం మొదలైంది. ఆ ప్రాంతాన్ని ఇప్పటికీ పాల కాలనీ అనే అంటారు. మాధవరం మనకు కూతవేటు దూరం. పాల బండ్లు చీకటితోనే మా రోడ్డు మీదుగా వెళ్లేవి. ఇనుప బుట్టల్లో సీసాలు ఒకదానికొకటి తగిలి చేసే గలగల వినిపిస్తే, మా అమ్మ గడియారం చూడకుండానే లేచి పొయ్యి రాజేసేది.

ఇక డిపో. మీ దగ్గరున్న కార్డు చాలా విలువైనది, పారేయకండి. కార్డు ఉన్న కుటుంబానికే పాలు, అందులో రాసినన్నే పాలు. నాలుగున్నరకల్లా వరుస మొదలయ్యేది. మనిషి రాలేకపోతే వరుసలో తన బదులు ఒక రాయో, సంచో, పాత చెప్పో పెట్టి వెళ్లేవారు, ఆ రాయికి కూడా మనిషికి ఇచ్చినంత గౌరవం దక్కేది. ఎవరూ దానిని జరిపేవారు కాదు. ఖాళీ సీసా ఇస్తేనే నిండు సీసా ఇచ్చేవారు. కాబట్టి ఇంట్లో సీసా పగలడమంటే గాజు పోవడం కాదు, మరునాటి పాలు పోవడం. ఒకసారి మెట్టు మీద కాలు జారి నేను సీసా పగలగొట్టాను. అమ్మ కొట్టలేదు, తిట్టలేదు. పక్కింటి అరవ మామిగారి దగ్గర అదనంగా ఉన్న ఒక సీసా అడిగి తెచ్చి నా చేతికిచ్చింది. ఆ మామిగారి పేరంటానికి మా అమ్మ ఆ తరువాత ఏ ఏడాదీ వెళ్లకుండా ఉండలేదు.

మీ నాయనమ్మగారు రెండు సీసాలను చీరల్లో చుట్టి దాచడానికి కారణం ఇదే అయి ఉంటుందని నా నమ్మకం. అవి పగిలినవాటికి బదులుగా ఉంచుకున్న సీసాలు. సంచులు వచ్చిన తరువాత వాటి అవసరం తీరిపోయినా, పారేయడానికి మనసు ఒప్పి ఉండదు.

రేకు మూతల గురించి మరొక మాట. మేము వాటిని కడిగి, ఎండబెట్టి, దారానికి గుచ్చి బొమ్మల కొలువులో తోరణం కట్టేవాళ్లం. దీపం పెడితే గోడంతా మెరిసేది.

సమాధానం 2: పాల పరీక్షకుడు

మీ మూడు ప్రశ్నల్లో రెండింటికి నేను సమాధానం చెప్పగలను. నేను ఒక పాల కర్మాగారంలో నాణ్యత పరీక్షల విభాగంలో పని చేసి ఉద్యోగ విరమణ చేశాను. పై సమాధానంలో చెప్పిన చరిత్రకు కొనసాగింపుగా రాస్తున్నాను.

ముందు పేరు సంగతి. చాలామంది "ఆవిన్ సీసాలు" అంటారు గాని, సీసాల కాలంలో ఎక్కువ భాగం ఆ పేరు లేదు. 1958 నాటి శాఖ చూసుకుంటున్న వ్యాపారం 1972లో ఒక ప్రభుత్వ సంస్థకు మారింది. తరువాత రాష్ట్ర సహకార పాల ఉత్పత్తిదారుల సమాఖ్య 1981 ఫిబ్రవరి 1న ఏర్పడి ఆ బాధ్యత తీసుకుంది. ఆవిన్ ఆ సమాఖ్య వ్యాపారనామం. తమిళంలో "ఆ" అంటే ఆవు, "ఆవిన్" అంటే ఆవు యొక్క అని అర్థం. తెలుగువారికి ఆ పేరును ఎవరూ వివరించనక్కర లేకపోయింది, మన "ఆవు" అందులోనే ఉంది కదా. కనుక మీ సీసాల మీద ఆ పేరు లేకపోతే ఆశ్చర్యపోవద్దు. సీసా అడుగు భాగాన్నీ, మెడ కిందనూ దీపం ముందు పెట్టి చూడండి. అచ్చులో పోసిన అక్షరాలు, అంకెలు కనిపించవచ్చు.

సీసాలు ఎందుకు పోయాయి? వినియోగదారుడు చేతిలోని సీసాను మాత్రమే చూస్తాడు, కర్మాగారానికి దాని తిరుగు ప్రయాణం కూడా కనిపిస్తుంది. అర లీటరు పాలకు దాదాపు అంతే బరువున్న గాజును లారీలో మోయాలి, మళ్లీ ఖాళీగా మోసుకు రావాలి. వచ్చిన సీసాలో ఎవరు ఏమి పోసి పెట్టుకున్నారో తెలియదు. కిరసనాయిలు వాసన వచ్చే సీసాలు నేను స్వయంగా ఏరి పక్కన పెట్టాను. ప్రతి సీసానూ ముందు గోరువెచ్చని నీటితో, తరువాత వేడి కాస్టిక్ సోడా ద్రావణంతో, ఆ పైన మంచినీటితో, చివర క్లోరిన్ కలిపిన నీటితో కడగాలి. మద్రాసు వంటి నీటి ఎద్దడి ఉన్న నగరంలో ఆ నీళ్లన్నీ ఎక్కడి నుంచి తేవాలి? కడిగిన తరువాత వెలుతురు ముందు ఒక మనిషి కూర్చుని, పెచ్చు ఊడినవీ, మురికి మిగిలినవీ కళ్లతో చూసి తీసేయాలి. పాలిథీన్ సంచి వచ్చాక ఈ పనులన్నీ ఒక్కసారిగా అక్కరలేకుండా పోయాయి. సంచిని తిరిగి ఇవ్వక్కరలేదు కనుక డిపోలో కార్డు, సీసా లెక్క కూడా తేలికయ్యాయి. ఆ సంచులు మురుగు కాలువల్లో పేరుకుని కొత్త కష్టం తెచ్చాయన్నది నిజమే, కానీ ఆ రోజుల్లో కోరుకున్నది ఎక్కువ ఇళ్లకు ఎక్కువ పాలు చేరడం.

ఆ ఎక్కువ పాలు ఎక్కడి నుంచి వచ్చాయో చెప్పకపోతే చరిత్ర సగమే అవుతుంది. 1970లో జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి మండలి ఆపరేషన్ ఫ్లడ్ ప్రారంభించింది. యూరప్ దేశాల సమాజం ప్రపంచ ఆహార కార్యక్రమం ద్వారా పాలపొడిని, వెన్న నూనెను ఉచితంగా ఇచ్చింది. వాటిని ఊరికే పంచిపెట్టలేదు. పాలుగా మార్చి నగరాల్లో అమ్మి, ఆ డబ్బుతో పల్లెల్లో సహకార సంఘాలను, చల్లబరిచే కేంద్రాలను, కర్మాగారాలను కట్టారు. మొదటి దశలోనే పాలు సేకరించే 18 ప్రాంతాలను ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు నగరాలతో కలిపారు. మద్రాసు పిల్లవాడు తాగే పాలు చుట్టుపక్కల పల్లెలవి మాత్రమే కాకుండా ఈరోడు వంటి దూరపు జిల్లాలవి కావడం ఆ మార్పు ఫలితమే.

నా తరం పెద్దలు "డిపో పాలు నీళ్ల పాలు" అని సణిగేవారు. దానికీ ఒక కారణం ఉంది. గేదె పాలలో వెన్న 6 శాతం పైమాటే. దానికి వెన్న తీసిన పాలపొడి, నీరు కలిపి, వెన్నను 3 శాతానికి, వెన్న కాని ఘనపదార్థాన్ని 8.5 శాతానికి తెస్తే అది టోన్డ్ పాలు. ఒక గేదె పాలతో రెండు గేదెల పాలంత పంచవచ్చు, మాంసకృత్తులు తగ్గవు, ధర తగ్గుతుంది. ఈ పద్ధతిని మన దేశంలో 1946లో బొంబాయిలో దారా ఖురోడీ ప్రవేశపెట్టారు. 1963లో వర్గీస్ కురియన్, త్రిభువన్‌దాస్ పటేల్ గార్లతో పాటు రామన్ మెగసెసే పురస్కారం అందుకున్నది ఆయనే. డిపో పాలను నీళ్ల పాలనడం, నా దృష్టిలో, వాటిని పంచడానికి కష్టపడినవారికి జరిగిన అన్యాయం. చెంబు బోర్లించి చూపించిన పాలకు కొలత లేదు. డిపో పాలకు ప్రతి పూటా కొలత ఉంది.

మీ నాన్నగారు చెప్పిన మీగడ గురించి కూడా చెబుతాను. పాలను 72 డిగ్రీల వేడిలో 15 సెకన్లు ఉంచి వెంటనే చల్లబరిచినా, వెన్న కణాలను నలగగొట్టి చిన్నవి చేసే హోమోజినైజేషన్ జరగకపోతే, అవి నెమ్మదిగా పైకి తేలి సీసా మెడలో చేరతాయి. గాజులో అది కళ్లకు కనిపిస్తుంది, మూతకు అంటుతుంది. సంచిలోనూ మీగడ తేలవచ్చు గాని, పడుకోబెట్టి కుదిపిన సంచిలో దాన్ని ఎవరు చూస్తారు?

ఇప్పుడు ఐస్‌క్రీం. మీ నాలుక మిమ్మల్ని పూర్తిగా మోసం చేయడం లేదు. ఐస్‌క్రీం అని పేరు పెట్టి అమ్మాలంటే అందులో పాల వెన్న కనీసం 10 శాతం, మొత్తం ఘనపదార్థం కనీసం 36 శాతం ఉండాలి. ఒక లీటరు ఐస్‌క్రీం బరువు 525 గ్రాములకు తగ్గకూడదు. ఆ చివరి నియమం ఎందుకంటే, గడ్డకట్టించేటప్పుడు మిశ్రమంలోకి గాలి చేరుస్తారు. గాలి లేకపోతే అది రాయిలా ఉంటుంది, మితిమీరితే నోట్లో నురుగులా కరిగిపోతుంది. పాల వెన్నకు బదులు వనస్పతి నూనెలతో చేసినదాన్ని ఐస్‌క్రీం అనకూడదు, దాని మీద ఫ్రోజెన్ డెజర్ట్ అని రాసి తీరాలి. అది తినదగినదే, అందులో మోసమేమీ లేదు, కానీ నాలుక మీద పాల వెన్న కరిగే తీరు వేరు, నూనె కరిగే తీరు వేరు. పాలకేంద్రం వారికి వెన్న, పాలపొడి సొంత ఇంట్లోనే ఉంటాయి. కనుక మీ నాయనమ్మగారు కొనిచ్చిన కప్పులో పాలే ఉండేవన్న మాట సహేతుకం. ఇప్పుడు కొన్నప్పుడు డబ్బా మీద చిన్న అక్షరాలను చదివి చూడండి.

సమాధానం 3: ఐస్‌హౌస్ కోడలు

పెద్దలిద్దరూ పాల వైపు నుంచి చెప్పారు, నేను మంచు వైపు నుంచి చెబుతాను. పెళ్లయి తిరువల్లిక్కేణికి (ట్రిప్లికేన్) వచ్చిన కొత్తలో, మా ప్రాంతాన్ని ఐస్‌హౌస్ అని ఎందుకు అంటారో తెలియక, దగ్గరలో ఐస్ కర్మాగారం ఏదో ఉండేదనుకున్నాను. మా మామగారు ఒక సాయంత్రం మెరీనాకు ఎదురుగా ఉన్న ఆ గుండ్రటి భవనం ముందు నిలబెట్టి అసలు విషయం చెప్పారు. అమెరికాలో చలికాలంలో గడ్డకట్టిన చెరువుల నుంచి మంచును దిమ్మెలుగా కోసి, రంపపు పొట్టులో కప్పి, ఓడల్లో ఇక్కడికి పంపేవారట. బోస్టన్ వర్తకుడు ఫ్రెడరిక్ ట్యూడర్ 1833లో మొదటిసారి కలకత్తాకు పంపిన ఓడ నాలుగు నెలలు ప్రయాణించింది. ఎక్కించిన 180 టన్నుల్లో దాదాపు 100 టన్నులు కరగకుండా చేరాయి. ఆ మంచు నిల్వ చేయడానికే 1842లో మన మద్రాసులో ఈ భవనం కట్టారు. కలకత్తా, బొంబాయిల్లో కట్టినవి పోయాయి, ఇది ఒక్కటే నిలిచింది. ఇక్కడే మంచు తయారు చేయడం మొదలైన తరువాత ఆ వ్యాపారం మూతపడింది, భవనం చేతులు మారింది, 1897లో స్వామి వివేకానంద అందులో బస చేశారు. ఇప్పుడు అది ఆయన స్మారకం. పేరు మాత్రం మంచుదే మిగిలింది.

మంచు దొరలకే దక్కిన కాలం నుంచి రైల్వే వడ్రంగి మనుమరాలి చేతికి కప్పు వచ్చేదాకా జరిగిన ప్రయాణంలో మరో రెండు చోట్లు చెప్పకుండా ఉండలేను. ఒకటి పూందమల్లి హైరోడ్డులోని దాసప్రకాశ్. ఉడుపి నుంచి వచ్చిన సీతారామరావు గారి హోటలు అది. లేత రంగు గోడలు, గుండ్రటి మూలలతో ఓడలా కనిపించేది. అక్కడి ఐస్‌క్రీం కోసమే ఊరి నుంచి వచ్చిన బంధువులను తీసుకువెళ్లేవారు. మా అత్తగారు మద్రాసులో పెళ్లి అయిన మూడో రోజున అక్కడ పళ్ల ముక్కలు వేసిన ఐస్‌క్రీం తిన్నారట, పొడవాటి చెంచా ఎలా పట్టుకోవాలో తెలియక మామగారు తినే తీరు చూసి తిన్నారట. ఆ భవనం ఇప్పుడు లేదు. ఆ వైపు వెళ్లినప్పుడల్లా ఆమె బస్సు కిటికీలోంచి తల తిప్పి చూసేవారు.

రెండవది మీ ఉత్తర మద్రాసులోనే ఉంది. 1970లో రాయపురంలో ఒక చిన్న అద్దె గదిలో, కుటుంబం ఆస్తి అమ్మి సమకూర్చిన 13,000 రూపాయలతో, ఆర్.జి. చంద్రమోగన్ అనే యువకుడు ఐసు తయారు చేసి తోపుడు బండ్ల మీద అమ్మించడం మొదలుపెట్టారు. అదే అరుణ్ ఐస్‌క్రీం. పెద్ద పేర్లతో నగరంలో పోటీ పడలేక, ఆయన చిన్న ఊళ్ల వైపు తిరిగారు. 1980లలో తమిళనాడులోని చిన్న పట్టణాల్లో అరుణ్ దుకాణాలు వెలిశాయి. ఆ తరువాత పాల వ్యాపారంలోకి వచ్చి 1995లో ఆరోగ్య పాలను తెచ్చారు. మీ నాయనమ్మగారు రంగు నీళ్లన్న బండ్లలో ఆ బండి కూడా ఉండి ఉండవచ్చు. రాయపురం, చాకలిపేటల్లోని మన తెలుగు ఇళ్లలో ఎంతమంది పిల్లలు ఆ గంట విని పరుగెత్తారో కదా.

ఊరికో ఐస్‌క్రీం పేరు ఎందుకుండేదో కూడా కుటుంబ చరిత్రలో రాయండి. 1997 దాకా ఐస్‌క్రీం తయారీని చిన్న పరిశ్రమలకే ప్రత్యేకించారు. పైగా శీతల లారీలు, దుకాణాల్లో శీతల పెట్టెలు, నిలకడైన కరెంటు లేని రోజుల్లో ఎంత మంచి ఐస్‌క్రీమైనా తయారైన చోటి నుంచి ఎక్కువ దూరం వెళ్లలేదు. అందుకే మద్రాసు వారి బాల్యం రుచి ఒకటి, బెంగళూరు వారిది మరొకటి, హైదరాబాదు వారిది ఇంకొకటి.

పాల పరీక్షకుడు గారి మాటతో ఒక్క చోట మాత్రం నేను ఏకీభవించలేను. తేడా అంతా వెన్న శాతంలో ఉందంటే నాకు మనసొప్పదు. ఏడాదికి ఒకసారి, పరీక్షలయ్యాక, నాయనమ్మ చెయ్యి పట్టుకుని నడిచి వెళ్లి తిన్న కప్పును, శీతల పెట్టెలో ఎప్పుడూ ఉండే డబ్బాతో ఏ కొలతతో పోల్చగలం?

పాల పరీక్షకుడు

అమ్మా, మీరు చెప్పినదాన్ని కాదనను. నేను కొలవగలిగిన దాని గురించే రాశాను.

పెరంబూరు మనుమరాలు

మీ ముగ్గురికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మీరు రాసినవన్నీ మా నాన్నగారికి బిగ్గరగా చదివి వినిపించాను. వరుసలో రాయి పెట్టిన సంగతి రాగానే ఆయన లేచి కూర్చుని, తాము పెట్టే రాయికి సున్నంతో గుర్తు వేసేవారని, ఒకసారి ఆ రాయి పోతే వీధంతా వెతికారని చెప్పారు. నాకు ఇన్నేళ్లలో ఎన్నడూ చెప్పని మాట అది.

సీసాలను దీపం ముందు పెట్టి చూశాను. ఒకదాని అడుగున ఒక అంకె, పక్కన అరిగిపోయిన గీత కనిపిస్తున్నాయి, అక్షరాలేవీ లేవు. కాబట్టి కుటుంబ చరిత్రలో "మాధవరం కాలపు డిపో సీసాలు కావచ్చు" అని మాత్రమే రాస్తాను. నిన్న సాయంత్రం రెండు రకాల వెనిలా కప్పులు కొని డబ్బాల మీది చిన్న అక్షరాలు చదివాను. ఒకదాని మీద ఐస్‌క్రీం అని, రెండవదాని మీద ఫ్రోజెన్ డెజర్ట్ అని ఉంది. కళ్లు మూసుకుని తిన్న నాన్నగారు మొదటిది ఏదో సరిగ్గా చెప్పారు. నా పన్నెండేళ్ల కొడుకు రెండవదే బాగుందన్నాడు.

ఒక చిన్న సందేహం మిగిలింది. సీసాల లోపల తెల్లటి పొర ఒకటి పట్టి ఉంది. సబ్బు నీటితో పోవడం లేదు. గాజు పాడవకుండా దాన్ని ఎలా తీయాలి? నాన్నగారు ఒక సీసాలో రేపు ఉదయం పాలు పోసి చూడాలంటున్నారు.

పాల పరీక్షకుడు

అది బహుశా కఠిన జలం వదిలిన సున్నపు పొర, పాల లవణాలు కలిసి గట్టిపడి ఉంటుంది. వంటింటి వినిగర్‌కు సమానంగా నీరు కలిపి సీసా నిండా పోసి రాత్రంతా ఉంచండి. ఉదయం పిడికెడు బియ్యం వేసి, మూతి మూసి, మెల్లగా ఊపండి. ఒకసారికి పోకపోతే మళ్లీ చేయండి, ఇనుప తీగ బ్రష్షు మాత్రం వాడవద్దు. మరుగుతున్న నీరు ఒక్కసారిగా పోయకండి, పాత గాజు పగులుతుంది. ముందు గోరువెచ్చని నీరు, తరువాత కొంచెం వేడినీరు పోయండి. మూతి దగ్గర పెచ్చు ఊడి ఉంటే దానిలో పాలు తాగకండి. ఇక పాలంటారా, హోమోజినైజ్ చేయనివి తీసుకుని, కాచి చల్లార్చకుండా సంచి నుంచి నేరుగా సీసాలో పోసి, శీతల పెట్టెలో నిలువుగా కదపకుండా ఉంచండి. రాత్రికి మీగడ మెడ దగ్గరకు తేలుతుంది. నాన్నగారికి చూపించి, తరువాత కాచుకోండి.

అయనావరం పాతకాపు

అమ్మా, మా ఇంట్లో పాత డబ్బాలో మూడు రేకు మూతలున్నాయి. మా బొమ్మల కొలువు తోరణంలో మిగిలినవి. వాటిలో ఒకటి మీ నాన్నగారికి ఇస్తాను. అయనావరం మార్కెట్ వైపు వచ్చినప్పుడు ఇక్కడే ఒక మాట రాయండి, నేనే ఎదురు వస్తాను.